అమెరికా మధ్యంతర ఫలితాలు చూసి 2028 విజేతను చెప్పొచ్చా?

అమెరికాలో 2026 నవంబర్ 3న మధ్యంతర ఎన్నికలు. మన కాలమానం ప్రకారం నవంబర్ 4 ఉదయం నుంచి ఫలితాలు మొదలవుతాయి. టిఫిన్ చేసే వేళకు మీ వాట్సాప్ గ్రూపుల్లో ఏదో ఒక మెసేజ్ వచ్చేసి ఉంటుంది. డెమొక్రాట్లు గెలిస్తే ‘ట్రంప్ పార్టీ పని అయిపోయింది, 2028 డెమొక్రాట్లదే, ఇక వీసాలకు ఢోకా లేదు’ అని. రిపబ్లికన్లు నిలబడితే ‘ఇంకో ఆరేళ్లు ఇంతే, పిల్లల్ని అమెరికా పంపే ఆలోచన మానుకోండి’ అని.

వినడానికి రెండూ నమ్మేలాగే ఉంటాయి. కానీ గత ఎన్నికల లెక్కలు తీసి చూస్తే రెండింటికీ ఆధారం దొరకదు.

ఇది ఊరికే రాజకీయ చర్చ అయితే వదిలేయొచ్చు. కానీ తెలుగు రాష్ట్రాల్లో వేల ఇళ్లలో ఈ ప్రశ్న మీద డబ్బు నిర్ణయాలు ఆధారపడి ఉన్నాయి. అబ్బాయి ఎంఎస్ కోసం ఇల్లు తనఖా పెట్టాలా? హెచ్-1బీ మీద ఉన్న అమ్మాయి అక్కడ ఇల్లు కొనాలా, ఆగాలా? అందుకే మధ్యంతర ఫలితాలు ఏం చెబుతాయో, ఏం చెప్పవో ముందుగానే తెలుసుకోవడం మంచిది.

మన ‘మధ్యంతరం’ వేరు, వాళ్లది వేరు

ముందు ఈ మాట దగ్గరే చిన్న గందరగోళం ఉంది. మన దగ్గర మధ్యంతర ఎన్నికలు అంటే గడువు తీరకుండానే సభ రద్దయి వచ్చేవి. 1998లో, 1999లో లోక్‌సభకు జరిగినవి అలాంటివే. అమెరికాలో మధ్యంతర ఎన్నికలకూ ప్రభుత్వం పడిపోవడానికీ సంబంధం లేదు. అధ్యక్షుడి నాలుగేళ్ల పదవీకాలం మధ్యలో, ముందే ఖరారైన తేదీన జరుగుతాయి. నవంబర్‌లో మొదటి సోమవారం తర్వాత వచ్చే మంగళవారమే ఆ తేదీ.

ప్రతినిధుల సభలోని మొత్తం 435 సీట్లకూ ఎన్నిక జరుగుతుంది. అక్కడి సభ్యుల పదవీకాలం రెండేళ్లే. సెనేట్‌లో 100 మంది ఉంటారు, వారి పదవీకాలం ఆరేళ్లు, రెండేళ్లకోసారి మూడో వంతు సీట్లకు ఎన్నికలు జరుగుతాయి. ఈసారి ఒహాయో, ఫ్లోరిడాల్లోని ఉప ఎన్నికలు కూడా కలిపితే సెనేట్‌లో 35 సీట్లకు పోటీ. వీటితో పాటు 36 రాష్ట్రాల్లో గవర్నర్ ఎన్నికలు. అక్కడ గవర్నర్ అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి.

ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. మన దగ్గర లోక్‌సభలో మెజారిటీ పోతే ప్రధాని దిగిపోవాలి. అక్కడ రెండు సభలూ చేజారినా అధ్యక్షుడు కుర్చీలోనే ఉంటారు. ట్రంప్ పదవీకాలం 2029 జనవరి 20 వరకు. రాజ్యాంగ 22వ సవరణ ప్రకారం ఎవరూ రెండుసార్లకు మించి అధ్యక్షుడిగా ఎన్నిక కాకూడదు. కాబట్టి 2028లో రిపబ్లికన్లు కొత్త అభ్యర్థినే నిలబెట్టాలి.

2024 ఎన్నికల్లో ప్రతినిధుల సభలో రిపబ్లికన్లకు 220, డెమొక్రాట్లకు 215 సీట్లు వచ్చాయి. మెజారిటీకి కావాల్సింది 218. అంటే డెమొక్రాట్లకు మూడు సీట్లు పెరిగితే సభ చేతికొస్తుంది. సెనేట్‌లో రిపబ్లికన్ల బలం 53, ఎదుటి పక్షం బలం 47.

గత ఎన్నికలు ఏం చెబుతున్నాయి?

ఒక విషయం మాత్రం దాదాపు సూత్రంలా పనిచేస్తోంది. మధ్యంతర ఎన్నికల్లో అధ్యక్షుడి పార్టీకి ప్రతినిధుల సభలో సీట్లు తగ్గుతాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసినప్పటి నుంచి చూస్తే 1998లో, 2002లో మాత్రమే ఇందుకు భిన్నంగా జరిగింది. కాబట్టి ఈసారి రిపబ్లికన్లకు సీట్లు తగ్గితే అందులో వింత లేదు. ఎప్పుడూ జరిగేదే జరిగిందన్నమాట. అలాంటి ఫలితం నుంచి భవిష్యత్తు తీయడం కష్టం.

మొదటి పదవీకాలం మధ్యలో దెబ్బతిన్న అధ్యక్షుల సంగతి చూద్దాం. 1982లో రొనాల్డ్ రీగన్ పార్టీ 26 సీట్లు కోల్పోయింది. రెండేళ్లకు ఆయన 50 రాష్ట్రాల్లో 49 గెలిచారు. 1994లో బిల్ క్లింటన్ పార్టీకి 50కి పైగా సీట్లు పోయాయి, 40 ఏళ్ల తర్వాత ప్రతినిధుల సభ రిపబ్లికన్ల చేతికి వెళ్లింది. 1996లో ఆయనే 379 ఎలక్టోరల్ ఓట్లతో గెలిచారు. 2010లో బరాక్ ఒబామా పార్టీ ఏకంగా 63 సీట్లు పోగొట్టుకుంది. 2012లో ఆయన 332 ఎలక్టోరల్ ఓట్లతో మళ్లీ వచ్చారు.

ఇప్పుడు రెండో వైపు. 1978లో జిమ్మీ కార్టర్ పార్టీకి పోయినవి 15 సీట్లే. 1980లో ఆయన చిత్తుగా ఓడారు. 1990లో సీనియర్ బుష్ పార్టీకి పోయినవి పదిలోపే. 1992లో ఆయన ఓడారు. 2022లో జో బైడెన్ పార్టీకి పోయినవి కూడా పదిలోపే. 2024లో ఆ పార్టీ వైట్‌హౌస్‌నే పోగొట్టుకుంది.

పెద్ద దెబ్బ తిన్న ముగ్గురూ మళ్లీ గెలిచారు. చిన్న దెబ్బతో బయటపడిన మూడు సందర్భాల్లోనూ అధికారం పోయింది. అలాగని మధ్యంతరంలో ఎంత ఓడితే తర్వాత అంత గెలుస్తారని కాదు. 2018లో ట్రంప్ పార్టీ 40 సీట్లు కోల్పోయింది, 2020లో ఆయనా ఓడిపోయారు. సీట్ల లెక్కకూ అధ్యక్ష ఎన్నికకూ మధ్య నేరుగా గీత గీయలేం. అంతే.

2028కి దగ్గరగా ఉండే ఉదాహరణలు వేరే ఉన్నాయి. అధ్యక్షుడు రెండో పదవీకాలంలో ఉండి మళ్లీ పోటీ చేసే వీల్లేనప్పుడు ఏం జరిగింది? 22వ సవరణ అమల్లోకి వచ్చాక అలాంటి మధ్యంతరాలు ఐదు: 1958, 1986, 1998, 2006, 2014. ఐదింటిలోనూ ఏదో ఒక పార్టీ ప్రతినిధుల సభలో సీట్లు పెంచుకుంది. రెండేళ్ల తర్వాత అధ్యక్ష పదవి కూడా ఆ పార్టీకే దక్కిందా?

1958లో డెమొక్రాట్లు దాదాపు 50 సీట్లు పెంచుకున్నారు. 1960లో కెనడీ గెలిచారు. కానీ ఓట్ల తేడా దేశం మొత్తం మీద లక్షా పది వేల చిల్లర మాత్రమే. 1986లో డెమొక్రాట్లు సీట్లు పెంచుకుని సెనేట్‌ను కూడా చేజిక్కించుకున్నారు. 1988లో మాత్రం రిపబ్లికన్ అయిన సీనియర్ బుష్ 426 ఎలక్టోరల్ ఓట్లతో గెలిచారు. 1998లో డెమొక్రాట్లకు సీట్లు పెరిగాయి. 2000లో ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో జూనియర్ బుష్ అధ్యక్షుడయ్యారు. 2006లో డెమొక్రాట్లు రెండు సభలూ గెలిచారు, 2008లో ఒబామా వచ్చారు. 2014లో రిపబ్లికన్లు సెనేట్ గెలిచారు, 2016లో ట్రంప్ వచ్చారు.

ఐదింట మూడు సరిపోయాయి, రెండు తప్పాయి. నాణెం ఎగరేసి చెప్పినా దాదాపు ఇంతే వస్తుంది.

2022: చాలామంది తప్పుగా చదివిన ఫలితం

ఈ విషయంలో మనకు బాగా గుర్తున్న పాఠం 2022. ధరల పెరుగుదల, బైడెన్‌పై అసంతృప్తి కారణంగా రిపబ్లికన్ల ప్రభంజనం ఖాయమని అప్పట్లో అంచనాలు వచ్చాయి. తీరా చూస్తే ప్రతినిధుల సభలో 222-213 తేడాతో మాత్రమే గట్టెక్కారు. సెనేట్‌లో డెమొక్రాట్లు ఒక సీటు పెంచుకున్నారు కూడా.

అసలు సంగతి స్వింగ్ రాష్ట్రాల్లో ఉంది. పెన్సిల్వేనియా గవర్నర్‌గా డెమొక్రాట్ జోష్ షపీరో సుమారు 15 శాతం ఓట్ల తేడాతో గెలిచారు. మిషిగన్‌లో గ్రెచెన్ విట్మర్ పది శాతానికి పైగా తేడాతో, విస్కాన్సిన్‌లో టోనీ ఎవర్స్ మూడు శాతానికి పైగా తేడాతో గెలిచారు. ఈ మూడు రాష్ట్రాలే అధ్యక్ష ఎన్నికను తేల్చేవి. 2018లోనూ ఈ మూడు చోట్ల డెమొక్రాట్లే గవర్నర్లుగా గెలిచారు, 2020లో బైడెన్ ఈ మూడింటినీ గెలుచుకున్నారు. ఇక 2024 కూడా అంతేనని అనుకోవడం సహజమే కదా?

2024లో ఈ మూడింటినీ ట్రంప్ గెలుచుకున్నారు. మూడు చోట్లా తేడా రెండు శాతం లోపే. ఏడు స్వింగ్ రాష్ట్రాల్లో ఒక్కటి కూడా డెమొక్రాట్లకు దక్కలేదు.

2022 ఫలితాల్లో ఇంకో సంకేతం కూడా ఉంది. చాలామంది దాన్ని పట్టించుకోలేదు. దేశవ్యాప్తంగా ప్రతినిధుల సభకు పోలైన ఓట్లను కలిపితే రిపబ్లికన్లు దాదాపు మూడు శాతం ముందున్నారు. సీట్లు చూసినవాళ్లకు డెమొక్రాట్లు నిలబడ్డట్టు కనిపించింది. ఓట్లు చూసినవాళ్లకు గాలి రిపబ్లికన్ల వైపు ఉన్నట్టు కనిపించింది. 2024లో ట్రంప్ మొత్తం ఓట్లలో ఒకటిన్నర శాతం ఆధిక్యంతో గెలిచారు. అయితే ఇదీ నికరమైన కొలమానం కాదు. 2010లో ఓట్లలో రిపబ్లికన్లు ఆరు శాతానికి పైగా ముందున్నారు, 2012లో ఒబామా గెలిచారు.

ఫలితాన్ని తప్పుగా చదవడం వల్ల నష్టం కూడా జరుగుతుంది. అనుకున్నంత దెబ్బ తగలకపోవడంతో డెమొక్రాటిక్ పార్టీలో బైడెన్ స్థానం గట్టిపడింది. 2023 ఏప్రిల్‌లో ఆయన మళ్లీ పోటీ చేస్తానని ప్రకటించారు. పార్టీలో పెద్ద నేతలెవరూ ఎదురు నిలవలేదు. 2024 జూన్‌లో ట్రంప్‌తో చర్చలో తడబడ్డాక, జులై 21న తప్పుకోవాల్సి వచ్చింది. కొత్త అభ్యర్థికి మిగిలింది మూడున్నర నెలలు.

రిపబ్లికన్ల వైపూ ఇదే జరిగింది. 2022లో ఫ్లోరిడా గవర్నర్ రాన్ డిశాంటిస్ 19 శాతం తేడాతో గెలిచారు. తదుపరి అధ్యక్ష అభ్యర్థి ఆయనేనని అప్పట్లో గట్టిగా ప్రచారం జరిగింది. ట్రంప్ బలపరిచిన పలువురు అభ్యర్థులు ఓడటంతో ఆయన కాలం చెల్లిందన్నారు. 2024 జనవరిలో, తొలి పోటీ అయిన అయోవా తర్వాత, డిశాంటిస్ విరమించుకున్నారు. కాలం చెల్లిందన్న ట్రంప్ అధ్యక్షుడయ్యారు.

ఎందుకు ఇలా జరుగుతుంది?

మొదటి కారణం, ఓటేసేవాళ్లు వేరు. 2022 మధ్యంతరంలో ఓటు హక్కున్నవారిలో సుమారు 46 శాతం మంది ఓటేశారు. 2024లో సుమారు 64 శాతం. అంటే నాలుగు కోట్లకు పైగా ఓట్లు అదనంగా పోలయ్యాయి. మధ్యంతరానికి వచ్చేవాళ్లలో పెద్ద వయసువారు, చదువుకున్నవారు, రాజకీయాలను రోజూ గమనించేవారు ఎక్కువ. నాలుగేళ్లకోసారి మాత్రమే పోలింగ్ కేంద్రానికి వచ్చేవాళ్లు అధ్యక్ష ఎన్నికలోనే కనిపిస్తారు. ట్రంప్ పేరు బ్యాలెట్‌పై ఉన్నప్పుడు ఇలాంటివాళ్లు రిపబ్లికన్ల వైపు బాగా కదిలారు. 2028లో ఆయన పేరు ఉండదు. అప్పుడు వాళ్లు వస్తారా, వస్తే ఎవరికి వేస్తారు అన్నది 2026 ఫలితం చెప్పలేదు.

రెండోది, అడిగే ప్రశ్న వేరు. మధ్యంతరంలో ఓటరు ‘ఇప్పటి అధ్యక్షుడి పాలన నచ్చిందా?’ అన్న ప్రశ్నకు జవాబిస్తాడు. అధ్యక్ష ఎన్నికలో ‘ఈ ఇద్దరిలో ఎవరు?’ అన్నదానికి జవాబిస్తాడు. మనకూ ఈ తేడా తెలుసు. 2018 డిసెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో టీఆర్ఎస్‌కు 119కి 88 సీట్లు ఇచ్చిన ఓటర్లే, అయిదు నెలలు తిరగకుండా లోక్‌సభకు వచ్చేసరికి 17లో 9 మాత్రమే ఇచ్చారు.

మూడోది, పటం వేరు. అధ్యక్షుడు కావాలంటే 538 ఎలక్టోరల్ ఓట్లలో 270 రావాలి. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి పెద్ద రాష్ట్రాల్లో ప్రతినిధుల సభ సీట్లు చేతులు మారితే సభ తారుమారు కావచ్చు. కానీ అధ్యక్ష ఎన్నికపై దాని ప్రభావం ఉండదు, ఎందుకంటే అవి ఎటూ డెమొక్రాట్ల వైపే ఉంటున్నాయి. 2022లో రిపబ్లికన్లు న్యూయార్క్‌లో గెలుచుకున్న సీట్లు వాళ్ల మెజారిటీకి కీలకమయ్యాయి. 2024 అధ్యక్ష ఎన్నికలో న్యూయార్క్ మాత్రం కమలా హారిస్‌కే వెళ్లింది.

ఈసారి ఇంకో చిక్కు. నియోజకవర్గాల సరిహద్దులను సాధారణంగా పదేళ్లకోసారి, జనగణన తర్వాత మారుస్తారు. 2025లో టెక్సాస్ మధ్యలోనే మార్చింది, రిపబ్లికన్లకు ఐదు సీట్ల వరకు పెరగాలన్నది లక్ష్యం. దానికి జవాబుగా కాలిఫోర్నియా ఓటర్లు అదే ఏడాది నవంబర్‌లో ప్రొపొజిషన్ 50ని ఆమోదించారు, అక్కడ డెమొక్రాట్లకు అంతే లాభం చేకూర్చాలన్నది ఉద్దేశం. గీతలు మారినప్పుడు, ఓటరు మనసు మారకపోయినా సీట్లు మారతాయి. కాబట్టి ఈసారి సీట్ల సంఖ్యను జనాభిప్రాయంగా చదవడం ఇంకా ప్రమాదం.

నాలుగోది, రెండేళ్లు చాలా ఎక్కువ కాలం. 2018 నవంబర్‌లో ఓటేసిన అమెరికన్‌కు కొవిడ్ అనే మాటే తెలియదు. 2006 నవంబర్‌లో ఓటేసినవారికి 2008 సెప్టెంబర్‌లో లేమన్ బ్రదర్స్ కుప్పకూలుతుందని తెలియదు.

మరి ఫలితాల్లో చూడాల్సింది ఏమిటి?

మధ్యంతర ఫలితాలకు విలువ లేదని కాదు. 2028 విజేత ఎవరన్న ప్రశ్నను పక్కనపెట్టి, అవి నిజంగా జవాబు చెప్పగల ప్రశ్నలు అడగాలి.

ఒకటి, ప్రతినిధుల సభ ఎవరిది? పన్నులు, బడ్జెట్, దర్యాప్తులు అక్కడి నుంచే మొదలవుతాయి. 2018లో సభ గెలిచిన డెమొక్రాట్లు 2019 డిసెంబర్‌లో ట్రంప్‌ను అభిశంసించారు. వచ్చే రెండేళ్ల పాలన ఎలా సాగుతుందన్నది ఇక్కడే తేలుతుంది.

రెండు, సెనేట్ ఎవరిది? మంత్రులు, న్యాయమూర్తుల నియామకాలకు సెనేట్ ఆమోదం కావాలి. సుప్రీంకోర్టులో ఖాళీ వస్తే ఈ సంఖ్యే కీలకం.

మూడు, స్వింగ్ రాష్ట్రాల్లో ఏం జరిగింది? పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, అరిజోనా, జార్జియా, నెవాడా... ఈ ఆరింటిలో ఈసారి గవర్నర్ ఎన్నికలున్నాయి. ఏడోదైన నార్త్ కరోలినాలో సెనేట్ సీటుకు పోటీ ఉంది. ఇక్కడ గెలిచినవాళ్లు 2028 ఎన్నికల నిర్వహణ, ఫలితాల ధ్రువీకరణ వేళ పదవుల్లో ఉంటారు. ఎవరు గెలిచారన్నదాని కంటే, 2024తో పోలిస్తే ఏ వర్గం ఓటర్లు ఎటు కదిలారన్నది చూడండి. లాటినోలు, యువకులు, డిగ్రీ లేని కార్మికులు 2024లో ట్రంప్ వైపు కొంత మొగ్గారు. వాళ్లు అక్కడే ఉన్నారా, వెనక్కి వచ్చారా? 2028 అభ్యర్థులు తమ ప్రచారాన్ని ఈ జవాబు చుట్టూనే అల్లుకుంటారు.

నాలుగు, కొత్త ముఖాలు. కార్టర్, రీగన్, క్లింటన్, జూనియర్ బుష్ నలుగురూ గవర్నర్లుగా పనిచేసి వైట్‌హౌస్‌కు వెళ్లినవారే. మనవాళ్లకు కూడా మధ్యంతరాలు తలుపులు తెరిచాయి. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2022 మధ్యంతరంలోనే మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. అయితే డిశాంటిస్ ఉదంతాన్ని గుర్తుంచుకోండి. మధ్యంతర రాత్రి తార, రెండేళ్ల తర్వాత అభ్యర్థి కాకపోవచ్చు. ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ భార్య ఉషకు ఆంధ్రప్రదేశ్ మూలాలుండటంతో ఆయన పేరు మన దగ్గర ఆసక్తిగా వింటున్నారు. నవంబర్ 4న రిపబ్లికన్లు ఓడినంత మాత్రాన ఆయన అవకాశాలు ముగిసినట్టు కాదు, గెలిచినంత మాత్రాన ఖాయమైనట్టూ కాదు.

వీసా, గ్రీన్‌కార్డు, డబ్బు: ఏది ఎవరి చేతిలో?

ఇక మీ ఇంటికి సంబంధించిన ప్రశ్న. మధ్యంతరంలో మారేది కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు. అధ్యక్షుడు మారరు. కాబట్టి మీకు కావాల్సిన అంశం చట్టంలో ఉందా, లేక అధ్యక్షుడి ఉత్తర్వులు, శాఖల నిబంధనల్లో ఉందా అన్నది ముందు చూసుకోవాలి.

హెచ్-1బీ వీసాల వార్షిక పరిమితి 65 వేలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20 వేలు. ఇది చట్టం. కాంగ్రెస్ మాత్రమే మార్చగలదు. దేశం వెలుపలి నుంచి వచ్చే కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల ఫీజు మాత్రం 2025 సెప్టెంబర్‌లో ట్రంప్ చేసిన ప్రకటనతో వచ్చింది. దానికి ఓటింగ్ జరగలేదు. ప్రతినిధుల సభ చేతులు మారినంత మాత్రాన అది దానంతట అది పోదు.

చదువు పూర్తయ్యాక పనిచేసుకునే ఓపీటీ, సైన్స్, ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇచ్చే 24 నెలల పొడిగింపు, వీసా ఇంటర్వ్యూ నియమాలు... ఇవన్నీ ప్రధానంగా శాఖల నిబంధనలతో నడిచేవి. ఇవి కూడా అధ్యక్షుడి యంత్రాంగం చేతిలోనే ఉంటాయి.

గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి చట్టంలో ఉంది. మన ఐటీ ఉద్యోగులు ఏళ్ల తరబడి ఎదురుచూడటానికి ప్రధాన కారణం అదే. 2018 మధ్యంతరంలో డెమొక్రాట్లు సభ గెలిచాక, 2019 జులైలో ఉపాధి గ్రీన్‌కార్డుల్లో ఆ పరిమితిని ఎత్తేసే బిల్లును ప్రతినిధుల సభ 365-65తో ఆమోదించింది. రెండు పార్టీలవాళ్లూ ఓటేశారు. 2020 డిసెంబర్‌లో సెనేట్ తన సొంత రూపంలో ఆమోదించింది. రెండింటినీ కలిపి ఒకటి చేయడం కుదరలేదు. బిల్లు అక్కడే ఆగిపోయింది. ఆ రోజు 365 ఓట్ల వార్త చూసి స్వీట్లు పంచుకున్నవాళ్లు ఇంకా క్యూలోనే ఉన్నారు.

అలాగని కాంగ్రెస్‌లో సీట్ల సంఖ్యను తేలిగ్గా తీసుకోకూడదు. 2025లో వచ్చిన పన్నుల చట్టంలో, అమెరికా నుంచి నగదు, మనీ ఆర్డర్ రూపంలో బయటకు పంపే డబ్బుపై 1 శాతం పన్ను పెట్టారు. మొదట ప్రతిపాదించింది 5 శాతం, తర్వాత 3.5కి, చివరికి 1కి తగ్గింది. బ్యాంకు ఖాతా నుంచి పంపేదానికి మినహాయింపు దొరికింది. ఆ చట్టం ప్రతినిధుల సభలో 218-214తో, సెనేట్‌లో వాన్స్ ఓటుతో 51-50తో గట్టెక్కింది. మూడు నాలుగు సీట్లు అటూ ఇటూ అయితే కథ వేరేగా ఉండేది.

సభ విపక్షం చేతికి వెళితే కొత్త చట్టాలు తీసుకురావడం ట్రంప్‌కు కష్టమవుతుంది. ఉన్నవాటిని రద్దు చేయడం డెమొక్రాట్లకూ కష్టమే. అధ్యక్షుడు వీటో చేస్తే, దాన్ని దాటడానికి రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. పైగా బడ్జెట్ గొడవలు పెరిగే అవకాశం ఉంది. 2025 అక్టోబర్ 1 నుంచి 43 రోజులు ప్రభుత్వం స్తంభించినప్పుడు, హెచ్-1బీ దరఖాస్తుకు ముందు కంపెనీ తీసుకోవాల్సిన కార్మిక శాఖ ధ్రువీకరణ పని కొన్ని వారాలు ఆగిపోయింది.

ఫలితాల రోజు ఏం చేయాలి?

మొదట, తొందరపడొద్దు. 2022లో పోలింగ్ నవంబర్ 8న జరిగితే, ప్రతినిధుల సభ ఎవరిదో తేలడానికి 16వ తేదీ దాకా పట్టింది. కాలిఫోర్నియాలో పోస్టల్ ఓట్ల లెక్క వారాల పాటు సాగుతుంది. తొలి గంటల్లో కనిపించే ఆధిక్యం చివరిదాకా ఉండకపోవచ్చు.

మెసేజ్ ఫార్వర్డ్ చేసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది సీట్ల గురించా, ఓట్ల గురించా? ఇది స్వింగ్ రాష్ట్రమా, కాదా? ఇందులో చెప్పిన మార్పు కాంగ్రెస్ చేతిలో ఉందా, అధ్యక్షుడి చేతిలోనా? మూడింటికీ జవాబు లేని మెసేజ్‌ను మీ దగ్గరే ఆపేయండి.

చదువు విషయానికొస్తే ఒక చిన్న లెక్క. 2027 ఆగస్టులో ఎంఎస్‌లో చేరే విద్యార్థి 2029 మే నాటికి కోర్సు పూర్తి చేస్తారు. అప్పటికి కొత్త అధ్యక్షుడు బాధ్యతలు తీసుకుని నాలుగు నెలలవుతుంది. అంటే ఆ విద్యార్థి చదువు ఒక అధ్యక్షుడి కాలంలో మొదలై, ఉద్యోగ వేట ఇంకొకరి కాలంలో మొదలవుతుంది. ఆ రెండో వ్యక్తి ఎవరో, ఏ పార్టీయో 2026 నవంబర్ ఫలితం చెప్పలేదు.

కాబట్టి ఏ పార్టీ గెలుస్తుందన్న ఊహ మీద అప్పు తీసుకోవద్దు. ఓపీటీ రాకపోయినా, హెచ్-1బీ దొరక్కపోయినా, ఇక్కడికి తిరిగొచ్చి ఇక్కడి జీతంతో ఆ వాయిదాలు కట్టగలమా అని లెక్క వేసుకోండి. కట్టగలమన్న ధైర్యం ఉంటే నవంబర్ 4 ఉదయం వచ్చేది మీకు ఒక ఎన్నికల వార్త మాత్రమే. లేకపోతే, ఆ ఫలితం ఎటు వచ్చినా మీ అప్పు మొత్తం గురించి బ్యాంకుతో ఇంకోసారి కూర్చుని మాట్లాడాల్సిందే.